ఒక కప్పు క్రింద పలు ట్రాన్స్‌ఫార్మర్లు – ఎర్తు పట్టీ లావెంత?

(సోలాపురములోని తెలుగు కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో పిల్లల తెలుగు చదువును గురించియో, పండుగల నిర్వహణను గురించియో ప్రసంగించుట వాడుక. నేడు మేము ఒక యినుప పట్టీని గురించి మాట్లాడుటకు నిలిచితిమి. ఇది సభకు తగిన విషయమా యని కొందరికి సందేహము కలుగవచ్చును. మన కుటుంబములలో పెక్కింటికి అన్నము పెట్టుచున్నది నేత పని. ఆ పని జరుగు కప్పు క్రింద మన బిడ్డలును, మనయొద్ద పనిచేయువారి బిడ్డలును దినములో సగము కాలము గడుపుచున్నారు. కావున వారి ప్రాణములకు కాపలాయైన వస్తువును గురించి మాట్లాడుట సభకు తగదని మేము తలంపలేదు.

మన పూర్వులు తెలంగాణపు పల్లెలనుండి నేతకై ఈ యూరికి వచ్చి స్థిరపడిరి. చేతిమగ్గము వెనుకకు పోయి సాంచె వచ్చినది. ఇప్పుడు కొన్ని కార్ఖానాలలోనికి నాడెలేని రేపియరు మగ్గములు వచ్చుచున్నవి. క్రింద నేత, పైన కుట్టు, ప్రక్కన గిడ్డంగి, వీధివైపున అమ్మకపు దుకాణము, అన్నియు ఒకే భవనమున నున్నవి. వీధి స్తంభపు తీగతో సరిపెట్టుకొన్న చోట 11,000 వోల్టుల సరఫరా పుచ్చుకొని సొంత ట్రాన్స్‌ఫార్మరు నిలుపుకొనవలసి వచ్చుచున్నది. ఇది చాలక, జపానునుండి వచ్చు వాడిన యంత్రములకు మూడు ఫేజులలో 200 వోల్టులు కావలయును. కావున యంత్రమునకు తోడుగా మరియొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు వచ్చును. ఈ విధముగా ఒకే కప్పు క్రింద మూడు నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు చేరుచున్నవి.

యంత్రమునకు బేరమాడుటకు ఆరు నెలలు పట్టును. ఎర్తు పట్టీకి ఆరు నిమిషములు పట్టదు. "పోయినసారి తీసికొన్న పట్టీయే యిండు" అని మా దుకాణమున అడుగువారే యెక్కువ. పోయినసారి ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఈసారి నాలుగు. పట్టీ మాత్రము అదే. ఈ యలవాటును మార్చుకొనవలెనని కోరుటకే నేటి ప్రసంగము.

మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, విద్యుత్ సామాను అమ్మి జీవించువారము, ఇంజనీర్లము కాము. లావు పట్టీ అమ్మినచో మాకు లాభమే గదా యని మీరు తలంపవచ్చును. కావుననే మాటలు కాక లెక్కను మీ ముందుంచుచున్నాము. ఎక్కడ లావు పట్టీ కావలెనో చెప్పెదము. ఎక్కడ సన్నది చాలునో అదియు చెప్పెదము. చివరి లెక్కను మాత్రము అనుమతి పత్రముగల ఇంజనీరుచేత వేయించి, సంతకము చేయించుకొనుడు.

మొదట ఒక అపోహను తొలగించుకొందము. యంత్రపు శరీరమునకు కరెంటు తగిలినచో అది ఎర్తు గుంటలోనికి దిగి భూమిలో కలిసిపోవునని పలువురు నమ్ముచున్నారు. కరెంటు భూమిలో కలిసిపోదు. తాను బయలుదేరిన ట్రాన్స్‌ఫార్మరుయొక్క న్యూట్రలునకు తిరిగి చేరుటయే దాని స్వభావము. తిరుగు దారి మట్టి యైనచో ఏమగునో చూడుడు. ట్రాన్స్‌ఫార్మరు గుంట నిరోధము 1 ఓము, యంత్రపు గుంట నిరోధము 2 ఓములు అనుకొందము. 230 వోల్టులను 3 చేత భాగించిన సుమారు 77 ఆంపియర్లు. 100 ఆంపియర్ల ఫ్యూజు ఈ కరెంటుకు కరుగనే కరుగదు. యంత్రపు శరీరము కరెంటుతో అట్లే నిలిచియుండును. దానిపై చేయి వేసినవాని గతి యేమి?

తిరుగు దారి లోహపు పట్టీ యైనచో నిరోధము అత్యల్పము. వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారును, ఫ్యూజు వెంటనే కరుగును, యంత్రము చల్లబడును. కావున యంత్రమునుండి ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలువరకు తెగని లోహపు దారి ముఖ్యము. గుంటయు అవసరమే; పిడుగు, పై వోల్టేజి సరఫరాలోని దోషము మొదలగువానికి అది కావలయును. అయితే ఎన్ని గుంటలు త్రవ్వినను అవి లోహపు దారికి బదులు కానేరవు.

ఆ వేల ఆంపియర్లు పారు ఒక్క సెకండులో పట్టీ కరుగరాదు, తెగరాదు, మితిమీరి వేడెక్కరాదు. పట్టీ లావును నిర్ణయించునది ఇదియే. లెక్క కష్టము కాదు. దోషము నాడు పారు ఆంపియర్లను, అది పారు సెకండ్ల వర్గమూలముతో గుణించి, ఆ లోహమునకు నియమించిన అంకెతో భాగింపవలెను. వచ్చినది పట్టీ అడ్డుకోత, చదరపు మిల్లీమీటర్లలో. ఎర్తింగునకు మన దేశపు ప్రమాణ గ్రంథము ఐ.ఎస్. 3043, మొదట 1966లో వెలువడి, 1987లోను 2018లోను సవరింపబడినది. దాని ప్రకారము 1 సెకండునకు రాగి అంకె 205, అల్యూమినియము 126, ఇనుము 80.

ఉదాహరణమునకు 500 కిలోవోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరును తీసికొందము. దాని రెండవ వైపు 433 వోల్టులు. నిండు భారమున 667 ఆంపియర్లు. పేరు పలకపై ఇంపెడెన్సు 4.5 శాతమని యున్నదనుకొందము. 667ను 0.045 చేత భాగించిన సుమారు 14,800 ఆంపియర్లు. దోషము నాడు పారగల ప్రవాహము ఇది. దీనిని 80 చేత భాగించిన 185 చదరపు మిల్లీమీటర్ల యినుము కావలయును. మన దుకాణములలో అందరు అడుగు 25×6 జీఐ పట్టీ అడ్డుకోత 150 మాత్రమే, చాలదు. 40×6 పట్టీ 240, చాలును. రాగియైనచో 72 కావలయును. 25×3 రాగి పట్టీ 75 గనుక సరిపోవును.

ఇంతవరకు ఏ యూరికైనను వర్తించు లెక్క. మన కార్ఖానాలకు మరియొక సంగతి గలదు. 80 అను అంకెలో ఒక షరతు దాగియున్నది: పట్టీ 40 డిగ్రీలనుండి 500 డిగ్రీల వరకు వేడెక్కినను పరవాలేదని ఒప్పుకొని వేసిన అంకె అది. బయట ట్రాన్స్‌ఫార్మరు ఆవరణలో, చుట్టును కంకర పరచిన చోట, పరవాలేదు. మగ్గముల గదిలోనో? గోడవెంబడి పోవు ప్రతి పట్టీపైనను దూది నుసి పేరుకొనియుండును. 500 డిగ్రీల పట్టీపై దూది నుసి యేమగునో చెప్పనక్కరలేదు. 2025 మే నెలలో ఈ యూరి పారిశ్రామిక వాడలోని టవళ్ల కార్ఖానాలో జరిగిన అగ్నిప్రమాదమున ఎనిమిదిమంది మరణించిరి. దాని కారణమును విచారించుట మా పని కాదు. నూలు నిండిన భవనమున నిప్పు పుట్టిన పిమ్మట తప్పించుకొనుటకు సమయ ముండదని మాత్రము అది మన యందరికిని తెలిపినది.

ఇట్టి నిప్పు భయముగల చోట్ల ఉత్త పట్టీ 150 డిగ్రీలు దాటరాదని అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణము. ఇనుమునకు అప్పటి అంకె 50. తిరిగి లెక్కించిన 14,800ను 50 చేత భాగింప 296 చదరపు మిల్లీమీటర్లు. 40×6 చాలదు, 50×6 పట్టీ 300 గనుక సరిపోవును. ఫ్యూజు సరియైనదైనచో 1 సెకండు పట్టకముందే కరుగును గనుక, ఆ మేరకు కొంత మిగులుకూడ నున్నది. మట్టిలో పూడ్చు భాగమునకు మాత్రము తుప్పును దృష్టిలో నుంచుకొని ఒక మెట్టు లావైనది వేయుట మంచిది.

ఇక పలు ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి. ఇక్కడ రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి. కొందరు పాత పట్టీనే చాలునందురు. కొందరు, ముఖ్యముగా ఒకసారి షాకు తిని భయపడినవారు, ట్రాన్స్‌ఫార్మర్ల నన్నిటిని కూడి అంత లావు పట్టీ కావలెనందురు. రెండును లెక్కలేని మాటలే. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ట్రాన్స్‌ఫార్మర్లు ఎప్పుడైనను చేతులు కలుపునా?

రెండు 500ల ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే పానెలుపై, నడుమ కప్లరు స్విచ్చి మూసి, కలిసి పనిచేయుచున్న వనుకొందము. అప్పుడు ఒక దోషమునకు రెండును కరెంటు నిచ్చును. 14,800 కాదు, 29,600 ఆంపియర్లు. వేర్వేరు న్యూట్రలు పట్టీలు తమ తమ భాగమునే మోసినను, రెండును కలిసిన పిదపనుండు ఉమ్మడి పట్టీ మొత్తమును మోయవలెను. బయట 370 చదరపు మిల్లీమీటర్లు, నుసిగల గదిలో 593. అనగా 65×6 పట్టీ బయట చాలును; లోపల 75×8 కావలయును. రెండవ ట్రాన్స్‌ఫార్మరును తెచ్చి పాత 40×6 పట్టీకి తగిలించినవాడు తన పాత రక్షణనుకూడ పోగొట్టుకొన్నవాడగును.

అట్లుగాక, రెండును ఎన్నడును కలియకుండ ఇంటర్‌లాకు బిగించి, ఒక్కొక్కటి తన విభాగమునకే సరఫరా చేయుచున్నచో, ఒక దోషమునకు ఒక్కటియే కరెంటు నిచ్చును. రెండు విభాగములలోను ఒకే సెకండున దోషములు పుట్టునని ఎవ్వరును లెక్కింపరు. అప్పుడు ఉమ్మడి పట్టీకి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు లెక్క చాలును, కూడ నక్కరలేదు. ఇంటర్‌లాకు పెట్టించుకొని పట్టీని ఆదా చేసికొనవచ్చును. అయితే ఆ ఇంటర్‌లాకును "ఒక్క పూటకే గదా" యని విప్పువాడు తన లెక్కను తానే చింపివేసినట్లు.

యంత్రముల ప్రక్కనుండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకును ఇదియే న్యాయము. 100 కిలోవోల్ట్ ఆంపియర్లు, రెండవ వైపు 200 వోల్టులు అనుకొన్న 289 ఆంపియర్లు; 4 శాతపు ఇంపెడెన్సుతో దోష ప్రవాహము సుమారు 7,200. దీనిని 50 చేత భాగింప 144. ఇక్కడ 25×6 పట్టీ చాలును. దాని శరీరమునకు పెద్ద పానెలు వైపునుండి దోషము వచ్చినచో అది 14,800 వరకు ఉండవచ్చును. అయితే ఆ ఫీడరు ఫ్యూజు 0.2 సెకండులో కరుగునట్టిదైనచో, 0.2 వర్గమూలము 0.447 గనుక, 133 చదరపు మిల్లీమీటర్లే కావలయును. అదే 25×6 దానికిని సరిపోవును. ఇట్టివి మూడున్నను నాలుగున్నను ఒక్కొక్కదాని శాఖకు 25×6. అన్ని శాఖలు కలియు ఉమ్మడి పట్టీకి 50×6. మూడింటిని కూడి 75×6 కొనుమని మేము చెప్పము.

అమెరికాలో విద్యుత్ పనులు చేయుచున్న మన బిడ్డలు పంపు మాటలుకూడ కొందరివద్ద నున్నవి. అక్కడి జాతీయ విద్యుత్ కోడులోను ఈ భావమే యున్నది. ఒక భవనమున అంతస్తు అంతస్తున ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నచో, ఎర్తు ఎలక్ట్రోడునకు పోవు ఉమ్మడి రాగి తీగ 3/0 కొలతకు, అనగా సుమారు 85 చదరపు మిల్లీమీటర్లకు, తగ్గరాదు. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు శాఖను దాని దాని పరిమాణమును బట్టి నిర్ణయింతురు. అక్కడను కూడిక లేదు. అయితే ఆ 85ను మన పట్టీకి తెచ్చి అతికింపరాదు. అక్కడ ఎలక్ట్రోడునకు పోవు తీగ వేరు, దోష ప్రవాహము తిరిగివచ్చు తీగ వేరు. రెండింటి లెక్కలును వేరు. మన కార్ఖానాలలో ఒకే పట్టీచేత రెండు పనులును చేయించుచున్నాము.

చిన్న ట్రాన్స్‌ఫార్మరును గురించి మరియొక హెచ్చరిక. వేర్వేరు చుట్లుగల ట్రాన్స్‌ఫార్మరు ఒక క్రొత్త పుట్టుకచోటు. దానినుండి బయలుదేరిన కరెంటు దాని న్యూట్రలునకే తిరిగి పోవును. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలునకు పోదు. కావున దాని స్టారు కొనను అక్కడనే శరీరమునకును ఎర్తు పట్టీకిని కలుపవలెను. కలుపనిచో పట్టీ ఎంత లావైనను వ్యర్థము. మా యెరుకలోని ఒక కార్ఖానాలో వాడిన మగ్గములు దించిన పిమ్మట పనివారు "సన్నగా జివ్వుమనుచున్నది" అని చెప్పుచు వచ్చిరి. ఫ్యూజు పోలేదు గనుక దోషము లేదని యజమాని నమ్మెను. విప్పి చూడగా స్టారు కొన గాలిలో నున్నది. ఇట్టి చోట మొదటి దోషమునకు ఏ ఫ్యూజును కరుగదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి స్విచ్చియు కదలదు. తిరుగు దారియే లేదు గదా. ఆ ఫేజు భూమితో సమమగును. తక్కిన రెండు ఫేజులు భూమికి 115 వోల్టులు కాక 200 వోల్టుల ఎత్తున నిలుచును. తరువాత వేరొక మగ్గమున రెండవ దోషము పుట్టిన నాడు రెండు మగ్గముల శరీరముల నడుమ మంట లేచును. అక్కడ ఆ కొనను కలిపించిరి. పనివారి మాటను ముందే విన్నచో ఇంకను మంచిదై యుండెడిది.

చట్టమును గురించి ఒక మాట. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలోని 61వ నియమము ప్రకారము న్యూట్రలునకు రెండు వేర్వేరు ఎర్తు కలపులు, యంత్రపు శరీరమునకు రెండు వేర్వేరు కలపులు ఉండవలెను. ఆ నియమావళి స్థానమున 2010లోను, తిరిగి 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి భద్రతా విధులు వచ్చినవి. రెండు కలపుల సూత్రము మాత్రము నిలిచియే యున్నది. రెండు ఎందుకనగా, ఒకటి తెగినను రెండవది కాపాడుటకు. కావున రెండు సన్న పట్టీలను కూడి ఒక లావు పట్టీ యని లెక్కించుట మంచి పద్ధతి కాదు. ఒక్కొక్కటియు పూర్తి భారమును మోయగలదై యుండవలెను.

గుంటలను గురించియు కొంత. జీఐ గొట్టము లోపలి వ్యాసము 38 మిల్లీమీటర్లకును, పొడవు 2.5 మీటర్లకును తగ్గరాదు. గుంట గోడకు 1.5 మీటర్ల దూరమైన నుండవలెను. మన యూరిది నల్లరేగడి. వానకాలమున తడిసి మంచి ఎర్తు నిచ్చును. వేసవిలో నెఱ్ఱెలిచ్చి గొట్టమును వదలివేయును. వానకాలమున పరీక్ష చేయించి కాగితము దాచుకొన్న లాభము లేదు. ఏప్రిలు, మే నెలలలో చేయింపవలెను. అప్పటి అంకెయే నమ్మదగినది.

పట్టీ అతుకు చోట రంగు గీకి, పట్టీపై పట్టీ వేసి, రెండు బోల్టులైన బిగింపవలెను. రాగిని ఇనుమునకు నేరుగా తగిలించినచో తేమకు ఇనుము తినివేయబడును. రాగికి తగరపు పూత వేయించి కలుపవలెను. ఒక్క వదులైన బోల్టు 50×6 పట్టీని సన్న తీగగా మార్చివేయును.

ఇక వ్యాపారుల భాషలో చెప్పెదము. 25×6 జీఐ పట్టీ మీటరునకు సుమారు 1.18 కిలోలు, 50×6 పట్టీ 2.36 కిలోలు. ఒక మోస్తరు కార్ఖానాలో ఉమ్మడి పట్టీ 60 మీటర్లు పట్టునందురు. భేదము సుమారు 70 కిలోల యినుము. ఒక వాడిన మగ్గమును దించి నిలుపుటకు అగు వ్యయముతో ఈ 70 కిలోల వెలను పోల్చి చూచుకొనుడు. మనము ఆదా చేయుచున్నది ఇంతే. దానికి ఎదురుగా తూకమునందున్నది తడి నేలపై చెప్పులు లేక నిలిచి దారము ముడివేయు మనిషి.

కార్ఖానాయే కాదు, కల్యాణ మంటపము, వసతి గృహము, అంగళ్ల సముదాయము కట్టించు మన పెద్దలుకూడ క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు దించుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా ప్రార్థన. ఒకటి: దోషము నాడు ఎన్ని వేల ఆంపియర్లు పారును, ఎన్ని సెకండ్లు? రెండు: ఈ ట్రాన్స్‌ఫార్మరు పాతదానితో ఎప్పుడైనను కలిసి పనిచేయునా? మూడు: దీని న్యూట్రలును ఎక్కడ కలిపితిరి, చూపుడు. నాలుగు: పట్టీ పోవు దారిలో నుసి, నూలు, చెక్క ఏమైన నున్నవా? ఈ నాలుగింటికి కాగితముపై జవాబు వ్రాసి సంతకము చేయని కంట్రాక్టరునకు చివరి వాయిదా చెల్లింపకుడు. ఆ కాగితమును పానెలు తలుపు లోపల అంటించి యుంచుడు. రేపు మన బిడ్డలు మరియొక యంత్రమును తెచ్చినప్పుడు, పోయినసారి పట్టీ యేదని కాక, పోయినసారి లెక్క యేదని అడుగుదురు గాక.